కొక్కెం వంగిన కథ

చావు వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాక కూడా ఒక మనిషి తన అబద్ధాన్ని చేతిలోంచి వదలకపోతే, దాన్ని ప్రేమ అనాలా, పొగరు అనాలా? ఈ ప్రశ్నను ఇన్నేళ్ళుగా అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాను. మనుషుల గుండెలు ఒలిచి చూపించే పుస్తకాలు చాలానే చదివాను. అందులో ఎవరూ మా అన్నయ్యలా లేరు. ఉన్నా నేను గుర్తుపట్టలేదేమో.

ఆ అబద్ధం ఏదో ముందే చెప్పేస్తాను. అన్నయ్య పొట్ట మీద కుడి పక్కన వేలెడు మచ్చ ఒకటి, నడిమధ్య నిలువుగా పొడుగాటి కోత మచ్చ ఒకటి ఉండేవి. కబేళాలో కాలు జారి కొక్కెం మీద పడ్డాననీ, కొక్కెం తోలు దాటలేదనీ, డాక్టర్లు అనుమానం కొద్దీ పొట్ట తెరిచి చూసి, లోపల ఏమీ తెగలేదని తెలుసుకుని మళ్ళీ కుట్టేశారనీ చెప్పేవాడు. నిజానికి అక్కడ దిగింది కొక్కెం కాదు, కత్తి. దింపింది మా వదిన. ఆ సంగతి నేను ఆసుపత్రి వార్డులో, అందరితోపాటే విన్నాను.

అన్నయ్య మీసం మొలవకముందే కబేళాలో చేరాడు. మొదట్లో నేల కడిగాడు, తర్వాత తోళ్ళు లాగాడు, చివరికి గొడ్డలి అందుకున్నాడు. ఇరుకు సందులోంచి పశువు తల బయట పెట్టగానే నుదుటి మధ్య ఒక్క దెబ్బ. అది ముందుకాళ్ళ మీద కూలుతుంది. వెనక కాలికి గొలుసు తగిలించి పైకి లాగుతారు. గొంతు కోస్తే రక్తం బిందె బోర్లించినట్టు పడుతుంది. కాళ్ళు ఇంకా తన్నుకుంటుండగానే తోలు ఊడదీయడం మొదలుపెడతారు. ఆ తన్నులకు మోకాలి చిప్ప పగిలినవాళ్ళు, దవడ పక్కకు పోయినవాళ్ళు అక్కడ చాలామంది. అన్నయ్య పని ఆ మొదటి దెబ్బ, ఆఖరున వెన్నుపూస మధ్యగా నరికి పశువును రెండు చెక్కలు చెయ్యడం. గీత గీసి కోసినట్టు వచ్చేవట ఆ చెక్కలు. గోడ పక్క నుంచి వెళ్ళేవాళ్ళకు గొడ్డలి చప్పుడు వినిపించేది. తడబాటు లేకుండా, ఊపిరి తీసినంత తీరుగా చప్పుడు వస్తుంటే గొడ్డలి అన్నయ్య చేతిలో ఉన్నట్టు.

గొంతులో మందు పడకుండా ఆ గేటు లోపలికి అడుగుపెట్టేవాడు లేడు. తాగకపోతే వాసన తలకెక్కుతుందనీ, తాగితే ముక్కు చచ్చిపోతుందనీ వాళ్ళ లెక్క. మీ అన్నయ్య ముక్కు చచ్చి చాలా కాలమైంది, తాగుడొక్కటే బతికుంది అనేది వదిన.

కొక్కెం గొడవంతా నేను ఆ ఇంటికి రాకముందే జరిగింది. గాయం మానాక అన్నయ్య మళ్ళీ పనిలోకి వెళ్ళి, చొక్కా ఎత్తి, కొక్కెం తోలు దాటలేదని చెప్పాడు. తను చెప్పింది అంతే. మిగతాదంతా కబేళా చెప్పుకుంది. అక్కడ తోళ్ళకు ఉప్పు పట్టించే ముసలాయన ఉండేవాడు. అందరికీ తోళ్ళ తాత. ఇనుప కొక్కెం అన్నయ్య పొట్టకు తగిలి వంగిపోయిందని మొదలుపెట్టింది ఆయనే. వంగడం తన కళ్ళతో చూశానని కూడా అన్నాడు. ఎవరో పాత ఇనుపసామాన్లలోంచి వంగిన కొక్కెం ఒకటి ఏరి తెచ్చి గుమ్మం పక్క మేకుకు తగిలించారు. ఆ తర్వాత అదొక రివాజు అయిపోయింది. పనిలో కొత్తగా చేరినవాడు ఆ కొక్కేన్ని రెండు చేతులా పట్టుకుని తిన్నగా చెయ్యడానికి పెనుగులాడాలి. అది తిన్నగా రాదు, అందరూ నవ్వుతారు, వాడు వాళ్ళవాడైపోతాడు. ఆ కొక్కెం ఎక్కడిదో తెలిసిన అన్నయ్య నోరు విప్పలేదు. అలా తను ఇనుపపొట్ట అయ్యాడు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరూ పలికేవారు కాదు. పాత మేస్త్రీ పోయాక ఆ చోటుకు ఇంకొకరి పేరు ఎవరూ తలవను కూడా లేదు, అన్నయ్యే మేస్త్రీ అయ్యాడు.

మా ఆయన పోయాక అన్నయ్యే వచ్చి నన్ను తీసుకెళ్ళాడు. మేడ మీద గది ఇచ్చాడు. నా పుస్తకాల పెట్టె భుజానికెత్తుకుని మెట్లెక్కుతూ, ఇందులో ఇటుకలున్నాయా, ఇల్లు కట్టుకుంటావా అని నవ్వాడు. పొద్దునా సాయంత్రం కింద నుంచి కేకేసి, అన్నం తిన్నావా అని అడిగేవాడు. అదే వారంలో ఆ మనిషే వదినను జుట్టు పట్టుకుని వరండా పొడుగునా ఈడ్చడం చూశాను. కూర చల్లారిందని ఒకసారి, నోరు కాలిందని ఒకసారి. కారణం దొరకని రోజున, కారణం దొరకలేదన్న కోపంతో కొట్టేవాడు. బెల్టు, చెప్పు, సైకిలు పంపు, చేతికి ఏదందితే అది. పశువును ఒక్క దెబ్బతో ముగించేవాడు. ఇంట్లో మాత్రం ముగింపు ఉండేది కాదు. అడ్డం వెళ్ళినందుకు నా పై పన్ను ఒకటి ఊడింది. మర్నాడు తనే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, చెల్లెలు మెట్ల మీద జారిందని తనే చెప్పాడు. దారిలో నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.

వదిన పొట్టి మనిషి, సన్నగా ఉండేది. బట్టల మిల్లులో కండెలకు దారం చుట్టే పని. ఎడమ చెవి వినపడేది కాదు. ఆ చెవి మీ అన్నయ్యకు రాసిచ్చేశాను, తిట్లన్నీ అటువైపే రమ్మన్నాను అనేది. ఆ ఇంట్లో నవ్వు పుట్టేదంటే ఆవిడ నోట్లోంచే. కొట్టించుకుంటున్నప్పుడు మాత్రం నోరు మెదిపేది కాదు. దెబ్బల చప్పుడొక్కటే మేడ మీదికి వచ్చేది.

ఒక వింత గమనించాను. వంటగదిలో అన్నయ్య ఆమె మీద చెయ్యి చేసుకునేవాడు కాదు. అరుచుకుంటూ వచ్చి గడప దగ్గర ఆగిపోయేవాడు. అక్కడే నిలబడి తిట్టేవాడు, బయటికి రమ్మనేవాడు, కాలు మాత్రం లోపల పెట్టేవాడు కాదు. అడుగుల చప్పుడును బట్టి ఆ పూట ఎలా ఉంటుందో వదిన కనిపెట్టేది. చెడ్డగా తోస్తే, వంట అయిపోయినా పొయ్యి పక్కనే కూర్చుని ఉండేది. అన్నం వండే చోటంటే అన్నయ్యకు గౌరవమేమో అన్నాను ఒకసారి. వదిన కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. ఎందుకో చెప్పలేదు.

అన్నయ్య లివరు పాడైందని ముందే తెలుసు. కళ్ళు పచ్చబడ్డాయి. చేతులు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం బిగిసి ముందుకొచ్చింది. ఇనుము ఉబ్బింది అని కబేళాలో వేళాకోళం. వీధి చివరి డాక్టరు, తాగుడు మానకపోతే రక్తం కక్కుకుని పోతావు అని మొహం మీదే చెప్పాడు. అన్నయ్య ఆ మాటను తనకు కావలసినట్టు పట్టుకున్నాడు. కక్కనంత వరకు తనకేమీ కాదని తేల్చుకున్నాడు. పొద్దున లేవగానే ఉమ్మి చూసుకునేవాడు. ఉమ్మి తెల్లగా ఉంటే గ్లాసు నింపేవాడు. రక్తం ఆ దారిన కాకుండా కింది నుంచి మొదలైనప్పుడు, డాక్టరు చెప్పింది ఇది కాదు కదా అన్నాడు.

తోళ్ళ తాత అవి మొలలని తేల్చేశాడు. నిలబడి పనిచేసే ప్రతివాడికీ వచ్చేవేనట. అన్నయ్య పంట్లాం లోపల గుడ్డ మడిచి పెట్టుకుని పనికి పోయేవాడు. ఆ గుడ్డలు ఉతికేది వదిన. నీళ్ళు పోసినకొద్దీ ఎర్రగా వస్తున్నాయని నాతో అంది. డాక్టరు దగ్గరికి వెళ్దామని అన్నయ్యతో అన్నందుకు అదే తడిగుడ్డతో మొహం మీద కొట్టాడు.

తను పడిపోయిన రోజు అక్కడున్నవాళ్ళు చెప్పింది ఇది. గొడ్డలి ఎత్తి ఉండగానే కింద నుంచి రక్తం ధారగా పోవడం మొదలైంది. తొడల వెంట కారి రబ్బరు బూట్లలో నిండింది. పక్కవాళ్ళకు అనుమానం రాలేదు. ఆ నేల మీద ఎవరి పంట్లాం ఎర్రగా లేదు గనక? బూట్లు నిండి పొర్లి, మనిషి రక్తం పశువుల రక్తంతో కలిసి కాలవలోకి పోయింది. చెక్క సగం తెగి ఉండగా గొడ్డలి చప్పుడు ఆగింది. ఆగినందుకే తలలు తిప్పి చూశారు. మేస్త్రీ వేలాడుతున్న పశువును కావలించుకుని నిలబడి ఉన్నాడు. మందు ఎక్కువైందని ఎవరో నవ్వారు. చేతులు జారి కింద పడ్డాక, బూటు లాగితే గడ్డలు గడ్డలుగా పడింది.

మాంసం తోలే బండిలోనే తెచ్చారు. మాంసపు చెక్కల మధ్య పడుకున్నవాటిలో మనిషి ఏదో చూడగానే తెలియలేదని ఆసుపత్రి గేటు కాపలావాడు తర్వాత నాతో అన్నాడు. ఆ మాట అన్నందుకు నొచ్చుకున్నాడు కూడా.

వార్డులో అందరూ గొట్టం డాక్టరమ్మ అని పిలిచే ఆవిడ అన్నయ్యను చూశారు. నడివయసు మనిషి, మాట తక్కువ. మేం అడిగినదానికి మాత్రం విసుక్కోకుండా చెప్పారు. లివరు రాయిలా బిగుసుకుపోతే రక్తానికి దారి ఉండదట. పెద్ద రోడ్డు మూసేస్తే బళ్ళన్నీ సందుల్లోకి దూరినట్టు, రక్తం పక్కనున్న సన్న నాళాల్లోకి తోసుకుపోతుంది. అవి ఉబ్బి ఉబ్బి ఒకనాడు పగులుతాయి. మామూలుగా అలా ఉబ్బేవి అన్నం దిగే గొట్టంలోనివి. వాటికి రబ్బరు రింగులు వేసి బిగించెయ్యొచ్చు. అందుకని ముందు నోట్లోంచి కెమెరా గొట్టం దించారు. అన్నయ్యకు అక్కడ ఉబ్బినవి ఉన్నాయి గానీ సన్నవి, చుక్క రావడం లేదు. కడుపులో లేదు, దాని కింది మలుపులోనూ లేదు. తర్వాత కింది నుంచి గొట్టం పంపారు. మొలల జాడే లేదు. దారంతా గడ్డలు. నీళ్ళు కొట్టి కడిగినకొద్దీ పై నుంచి మళ్ళీ దిగుతోంది. పెద్దపేగు సగం దాకా వెళ్ళేసరికి నాడి జారిపోవడంతో వెనక్కి తీసేశారు.

రాకూడని చోట ఎక్కడో వచ్చింది అన్నారు ఆవిడ. పాత కోతలు, అతుకులు ఉన్నచోట రక్తం ఒక్కోసారి అలా కొత్త దారులు వెతుక్కుంటుందట. ఆ లివరుతో మత్తిచ్చి పొట్ట కోస్తే బల్ల మీదే పోతాడు. లోపలంతా ఫొటో తీసే పెద్ద మిషను ఉన్న ఆసుపత్రికి పంపితే దారిలో పోతాడు. ఎక్కడ చూడాలో తెలిస్తే ఇంకొక్కసారి గొట్టం పంపి, ఆ నాళంలోకి జిగురు ఎక్కించి మూసెయ్యగలనన్నారు. ఊరికే వెతుక్కుంటూ కూర్చోవడానికి ఈ మనిషిలో రక్తం మిగల్లేదు. చెప్పి, అన్నయ్య పొట్ట మీది కోత మచ్చ మీద వేలు పెట్టారు.

"ఇది దేనిది? లోపల పేగేమైనా కోసి కలిపారా?"

"కొక్కెం," అన్నాడు అన్నయ్య. "పైపైన. లోపల ఏమీ కాలేదు."

అప్పటి కాగితాలున్నాయా అని అడిగారు. లేవు. ఆ చిన్న ఆసుపత్రి మూతపడి, ఆ డాక్టరు ఎటో వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆవిడ మళ్ళీ అడిగారు. పేగు కలిపి ఉంటే తిన్నగా అక్కడికే వెళ్తాను, మీ ప్రాణం నిలబెట్టే అవకాశం అదొక్కటే అని విడమరచి చెప్పారు. మంచం కింద గిన్నెలో రక్తం పడే చప్పుడు వినిపిస్తూనే ఉంది, పైపు సరిగా కట్టనప్పటి చుక్కల చప్పుడులాగా. అన్నయ్య పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. డాక్టరమ్మ కేసి చూడలేదు. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ వదిన కేసి చూశాడు. ఆ చూపు నేను చూశాను. కొట్టబోయే ముందు చూసే చూపు కాదు, బతిమాలుకునే చూపూ కాదు. నోరు తెరవకు అన్నట్టుంది. ఎవరి కోసం తెరవకూడదో అందులో లేదు.

"కొక్కెమే," అన్నాడు మళ్ళీ.

వదిన చేతిలో రక్తపు గుడ్డలున్నాయి. వాటిని కింద పెట్టడానికి చోటు కోసం చూసి, దొరక్క, పట్టుకునే చెప్పింది.

"పేగు తెగింది డాక్టరుగారూ. కుడి పక్క. తెగిన ముక్క తీసేసి, సన్నపేగును పెద్దపేగుకు కలిపి కుట్టామని అప్పటి డాక్టరు నాతోనే చెప్పాడు. కొక్కెం కాదు, మాంసం ఒలిచే కత్తి. పొడిచింది నేను."

నాడి అందని ఆ మనిషికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పక్కనున్న స్టీలు జగ్గు వదిన నుదుటికి వెళ్ళి తగిలింది. కనుబొమ మీద చర్మం తెరుచుకుని మొహమంతా ఎర్రబడింది. అన్నయ్య చేతి సూది పీక్కుని, మంచం దిగి ఆమె మీదికి వెళ్ళబోయాడు. పట్టుకున్న వార్డు మనిషి ముంజేతిని పళ్ళు దిగేలా కొరికాడు. ఇంకొకడు మెడ వెనక నుంచి నొక్కాడు. రక్తంలో కాళ్ళు జారి ముగ్గురూ కలిసి పడ్డారు. పక్క మంచాలవాళ్ళు గోడ వైపుకు ఒదిగిపోయారు. దానికి మతి లేదు, నమ్మకండి, అది పిచ్చిది అని నేల మీద నుంచి అంటూనే ఉన్నాడు. చివరికి చేతులూ కాళ్ళూ మంచానికి కట్టేశారు.

డాక్టరమ్మ పేగు కలిపిన సంగతి మాత్రమే రాసుకుంటానన్నారు. మిగతాది తన వైద్యానికి అవసరం లేదన్నారు. వదినకు కుట్లు వెయ్యమని నర్సుకు చెప్పి, రక్తం సీసాల కోసం కేకేశారు.

రక్తం వచ్చేలోపు నడవాలో బల్ల మీద కూర్చుని, నుదుట కుట్లు వేయించుకుంటూనే వదిన నాకు చెప్పింది. పెళ్ళయిన కొత్త. వంటగది. అన్నయ్య ఆమె మెడ వంచి మొహాన్ని మండుతున్న పొయ్యి మీదికి దించుతున్నాడు. ఎందుకో ఇప్పుడు గుర్తు కూడా లేదంది. ముందు కనురెప్పల వెంట్రుకలు చుర్రుమన్నాయి. చెయ్యి వెనక్కి చాచితే, అన్నయ్య పదును పెట్టి గట్టు మీద ఉంచిన సన్నకత్తి తగిలింది. గురి చూడలేదు. పిడి దాకా దిగింది. అన్నయ్య మెడ వదిలేసి, కత్తి కేసి చూసుకుని, గోడకు చేరబడి కూర్చున్నాడు. తియ్యకు, తీస్తే ఇక్కడే పోతాను అన్నాడట. రోజూ కోసే మనిషి కదా. తర్వాత, నేల కడుగు, కొక్కెమని నేను చెప్తాను అన్నాడట. అది కత్తిపోటని అప్పటి ఆసుపత్రి డాక్టరుకు తెలిసింది. తనే పట్టు తప్పి కత్తి మీద పడ్డానని అన్నయ్య ఆయన్నీ నమ్మించాడు. కబేళాకు కొక్కెం కథ చేరింది. ఆరు నెలలో, అంతకన్నా ఎక్కువో, అన్నయ్య చెయ్యి లేవలేదట. తర్వాత మళ్ళీ లేచింది, వంటగది బయట.

చెప్తున్నంతసేపూ ఆమె గొంతు మారలేదు. సూది గుచ్చినప్పుడు మాత్రం నర్సును కాస్త మెల్లగా కుట్టమంది.

అన్నయ్యను గొట్టాల గదిలోకి తీసుకెళ్ళారు. లివరు ఆ స్థితిలో ఉంటే పూర్తి మత్తు ఇవ్వకూడదట. కట్లు తెంపుకునేలా గింజుకుంటున్నాడు. తనవాళ్ళెవరైనా చెయ్యి పట్టుకుంటే నయమన్నారు. నేను లోపలికి వెళ్ళాను. గొట్టం నల్లగా, వేలంత లావున, పాములా మెలి తిరుగుతూ లోపలికి పోతోంది. అన్నయ్య నా వేళ్ళను ఎముకలు కలిసిపోయేలా నొక్కాడు. పక్కనున్న టీవీలో పేగు లోపల కనిపిస్తోంది. ముందంతా ఎర్రటి చీకటి. నీళ్ళు కొట్టడం, లాగడం, మళ్ళీ కొట్టడం. మలుపు తిరిగినప్పుడల్లా అన్నయ్య గొంతులోంచి నేను ఎప్పుడూ వినని కూత వచ్చింది. ఇరుకు సందులో తల దూర్చిన పశువు అలాగే అరుస్తుందేమో.

ఈసారి డాక్టరమ్మ మధ్యలో ఎక్కడా ఆగలేదు. కుడి పక్క చివరికి వెళ్ళారు. అక్కడ పేగు గోడ మీద తెల్లగా ముడతపడిన వలయం ఒకటి కనబడింది. అదీ అతుకు అన్నారు. దాని చుట్టూ నీలంగా, వానపాముల కుప్పలా నాళాలు ఉబ్బి మెలికలు పడి ఉన్నాయి. ఒకదాని నెత్తిన తెల్లటి బొడిపె. చూస్తుండగానే అది తెరుచుకుని రక్తం చిమ్మింది, టీవీ అంతా కప్పేసింది. నర్సు చేతిలో జిగురు సిద్ధంగా ఉంది. రక్తం తగలగానే గడ్డకట్టే జిగురు అది. ఆలస్యమైతే సూదే లోపల అతుక్కుపోతుందట. సూది ఆ నీలం ఉబ్బులోకి దిగింది, డాక్టరమ్మ ఒక్క మాట అన్నారు, నర్సు పిచికారీ నొక్కింది. సూది వెనక్కి వచ్చింది. రక్తపు ధార ఇంకోసారి ఎగిరింది, సన్నబడింది, ఆగింది. గొట్టం కొసతో తట్టి చూశారు. మెత్తగా ఉన్నది రాయిలా బిగిసింది. పక్కదానికీ అలాగే చేశారు. అప్పుడు చూసుకుంటే నా చేతిలో అన్నయ్య చెయ్యి వదులైంది. పోయాడేమోనని మొహం చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, తనూ టీవీ కేసే చూస్తున్నాడు.

రక్తం ఆగిపోయింది. కొన్నాళ్ళకు లేచి కూర్చున్నాడు, గంజి తాగాడు. చేతి కట్లు విప్పారు. వదినతో మాట్లాడలేదు. ఆమె మిల్లుకు వెళ్ళి, వచ్చి, గుడ్డలు మార్చి, మంచం పక్క నేల మీద కూర్చునేది. నుదుటి వాపు కన్ను మీదికి దిగి నల్లబడింది. ఇంటికి వెళ్ళాక ఏమవుతుందోనని నాకు గుబులు. ఆ మాటే అంటే, ఇల్లు చేరాక చూద్దాంలే, ముందు మెట్లెక్కనీ అంది.

తోళ్ళ తాత కబేళావాళ్ళను వెంటేసుకుని చూడటానికి వచ్చాడు. వార్డులో జరిగింది వాళ్ళకు అప్పటికే చేరిపోయింది. ముసలాయన మంచం చివర కూర్చుని, ఆరోగ్యం సంగతులన్నీ అడిగి, లేవబోతూ అన్నాడు.

"ఏం మేస్త్రీ, వంగింది కొక్కెం కాదంట, నువ్వేనంట?"

అన్నయ్య తొణకలేదు. ఆడది రక్తం చూసి జడుసుకుని ఏదో వాగింది, డాక్టరు కంగారుపెడితే నోటికొచ్చింది చెప్పింది, కొక్కెమే అన్నాడు. తాత తల ఊపాడు. కొక్కెమే, కొక్కెమే, వంగడం నేను చూశాగా అన్నాడు. మిగతావాళ్ళు బూట్ల కేసి చూస్తూ నిలబడ్డారు. తలుపు దాటి నడవాలోకి వెళ్ళాక వాళ్ళ నవ్వు వినిపించింది. ఒకడు నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. అన్నయ్య అది ఆఖరిదాకా విన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ సాయంత్రం వదిన వచ్చి గంజి కలుపుతుంటే, అటు తిరిగే అడిగాడు.

"ఎందుకు చెప్పావు?"

వదిన గరిటె తిప్పడం ఆపలేదు.

"ఇన్ని దెబ్బలు తిన్నాను, నువ్వు చస్తే ఏడుస్తానని ఎవరన్నారు? తాగి చావు, బండి కింద పడి చావు, నీ ఇష్టం. ఆ కుట్టు దగ్గర చస్తే మాత్రం నేను పొడిచి చంపినట్టే. అప్పుడు మొదలైంది ఇప్పుడు పూర్తయినట్టు. అది నాకొద్దు."

అన్నయ్య ఇటు తిరిగాడు. గిన్నె అందిస్తే తీసుకున్నాడు. ఆ చెయ్యి లేస్తుందేమోనని నేను కుర్చీలోంచి సగం లేచాను. లేవలేదు. గంజి తాగి, గిన్నె తనే కింద పెట్టాడు.

ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడి చెప్పారు. ఆ జిగురు ఆపింది ఆ నాళాన్నే గానీ లివరును కాదు. తాగితే అయిపోయినట్టే. తాగకపోయినా అతుకు చుట్టూ మళ్ళీ ఉబ్బుతాయి. వచ్చే నెలలో ఒకసారి గొట్టంతో చూసి తీరాలి, మానేస్తే ఈసారి ఇక్కడిదాకా రావడానికి వ్యవధి ఉండదు. అర్థమైందా అని అడిగారు. అన్నయ్య శ్రద్ధగా తల ఊపాడు. ఆవిడకు రెండు చేతులూ జోడించాడు కూడా.

వదిన మందులు తేవడానికి కిందికి వెళ్ళింది. నేను దుప్పటి మడతపెడుతున్నాను. అన్నయ్య చొక్కా వేసుకుని, బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుని, దువ్వెన అడిగి తల దువ్వుకున్నాడు. చెప్పులు తొడుక్కుని నడవాలోకి నడిచాడు. మొహం కడుక్కోవడానికనుకున్నాను. గ్లాసూ పళ్ళెం సంచిలో పెట్టి, ఇంకా రాలేదేమని కిటికీ దగ్గరికి వెళ్ళాను.

కింద మందుల కొట్టు ముందు జనం. వదిన వరుసలో నిలబడి ఉంది, చీటీ చేతిలో పట్టుకుని, వినపడని చెవి రోడ్డు వైపు పెట్టి. అన్నయ్య మెట్లు దిగి ఆ వరుస వెనకగా వచ్చాడు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, మెల్లగా, కాళ్ళు ఎడంగా వేస్తూ నడుస్తున్నాడు. సరిగ్గా ఆమె వెనక ఆగాడు. చెయ్యి చాస్తే జడ అందేంత దగ్గర. ఆ చెయ్యి పొట్ట మీంచి కాస్త పైకి లేచింది. నేను కిటికీ చువ్వలు పట్టుకుని అరవబోయాను. వదిన ముందున్నవాళ్ళు జరిగితే తనూ ఒక అడుగు ముందుకు జరిగింది. అన్నయ్య చెయ్యి దించుకున్నాడు. గేటు దాటి, కబేళా వైపూ కాకుండా, ఇంటి వైపూ కాకుండా, బండి కింద పడి చావు అన్న వదిన మాట నాకు తట్టేలోపే, లారీలు పోయే రోడ్డు మీదికి తిరిగాడు.